ఒంటిచేతి కుర్చీలో సోషియాలజీ

నేను కాలేజీ చదువుకు బయల్దేరిన రోజున మార్కాపురం రోడ్డు స్టేషన్లో కాలు పెట్టడానికి చోటు లేదు. ఊరంతా బండ్లు కట్టుకుని వచ్చింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. స్టేషన్ మాస్టరు పచ్చజెండా ఊపడం మరిచిపోయి నన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఇది మా మనవళ్ళకు చెప్పే రకం. మీరు ఖర్చు పెట్టి పుస్తకం కొన్నారు గనక ఉన్నది చెబుతాను. స్టేషన్‌కు నాయన వచ్చాడు, చిన్నాన్న వచ్చాడు. చిన్నాన్న వచ్చింది పలకల పెట్టెలు రైలుకెక్కించడానికి. అక్కడ నన్ను చూసి, "నువ్వెక్కడికి పోతాండావురా?" అని ఆశ్చర్యపోయాడు.

రాష్ట్రం ఏర్పడిన కొత్త రోజులవి. మా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. అందుకని పెద్ద చదువంటే మాకు కర్నూలే. అక్కడ బి.ఏ.లో చేరి, సోషియాలజీ అనే కొత్త సబ్జెక్టు తీసుకున్నాను. సమాజాన్ని ఉద్ధరించాలన్న తపనతో తీసుకున్నానని తర్వాత చాలా సభల్లో చెప్పాను, చప్పట్లు కూడా పడ్డాయి. అసలు కారణం ఫ్యాను. ఆ కాలేజీలో కింది తరగతుల వాళ్ళు కూర్చునే గదుల్లో ఒక్కదానికే ఫ్యాను ఉండేది, సోషియాలజీ క్లాసు ఆ గదిలో జరిగేది. చేరిన తర్వాత తెలిసింది, అది తిరగదని.

మా మేష్టారు కోస్తా నుంచి వచ్చిన కుర్ర లెక్చరరు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మెత్తటి మాట. మమ్మల్ని "మీరు" అనేవాడు. మొదటి వారం ఆయన "మీరు చెప్పండి" అన్నప్పుడల్లా నేను వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసేవాణ్ణి. కుటుంబం, బంధుత్వం, ఆచారం, హోదా అంటూ ఒక్కొక్క మాటా బోర్డు మీద రాసి, దాని చుట్టూ గుండ్రంగా గీత గీసేవాడు. మాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతులనే ఆయన అంత జాగ్రత్తగా చెబుతుంటే వినడానికి బాగుండేది. మన ఇంటి కుండను ఎవరో సంతలో ఎత్తి చూపించి మెచ్చుకుంటున్నట్టు ఉండేది.

మొదటి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు నాయన అడిగాడు, ఆ సోషియాలజీలో ఏం చెబుతారని. మనుషులు కలిసిమెలిసి ఎట్లా బతుకుతారో చెబుతారన్నాను.

నాయన నా వైపు తిరిగాడు. "అది చెప్పేదానికి కర్నూలు ఎందుకురా? మన రచ్చబండ కాడ కూచుంటే ఊరికే చెప్తారు గదా."

మాకు నల్లమల కిందుగా కొంచెం ఎర్రచెలక, ఒక గొర్రెల మంద ఉండేవి. నాయనకు మోకాళ్ళు నొప్పి, మంద వెంట తిరగలేకపోతున్నాడు. అందుకని నన్ను పంపేటప్పుడే ఒక షరతు పెట్టాడు. ఒక్క సబ్జెక్టు తప్పినా తిరిగొచ్చి కర్ర పట్టుకోవాలి. ఆ షరతు గురించి నాకు పీడకలలు వచ్చేవి. కలలో గొర్రెలన్నీ బెంచీల మీద కూర్చుని ఉండేవి, నేను నిలబడి ఉండేవాణ్ణి. కలలు రాలేదు గానీ, భయం మాత్రం నిజం. ఎండలో మంద వెనక నడవడం ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు, కాలేజీలో నీడ ఎట్లా ఉంటుందో కూడా అప్పటికి తెలిసింది.

దసరా సెలవులకు ముందు మేష్టారు ఒక పని పెట్టాడు. ఒక పల్లె ఎంచుకుని, ఇంటింటికీ వెళ్ళి, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏం చేసి బతుకుతారు, ఇంట్లో హోదాకు గుర్తుగా ఏ వస్తువులున్నాయి అని అడిగి రాసుకు రావాలి. "అది తేనివారిని పరీక్షకు పంపనండి" అన్నాడు, ఎంతో మర్యాదగా. అంత మర్యాదగా నన్ను ఎవరూ బెదిరించలేదు.

మొదట మా ఊళ్ళోనే ప్రయత్నించాను. పక్కింటి పెదనాన్న దగ్గరికి వెళ్ళి, మీ ఇంటిపేరేమిటి అని అడిగాను. ఆయన నా నుదురు తాకి చూసి, జ్వరం వచ్చిందేమోనని మా అమ్మను పిలిచాడు. ఇక లాభం లేదని, వాగుకు అవతల ఉన్న పల్లెకు వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. అక్కడివాళ్ళతో మాకు సంబంధాలు కలుస్తాయి గానీ, నన్ను చూసినవాళ్ళు తక్కువ.

కర్నూల్లో కుట్టించుకున్న ప్యాంటు ఒకటే ఉండేది. అది వేసుకుని, తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుని, పెన్ను జేబుకు పెట్టుకుని, వాగులో చెప్పులు చేత పట్టుకుని దాటాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ వేషంలో, ఆ నూనె తలతో, పెళ్ళికాని కుర్రాణ్ణి, ఒక పల్లెలోకి నడిచి వెళ్ళి ఏమేం అడగకూడదో అవన్నీ వరసగా అడిగాను.

మొదటి ఇంట్లో పెద్దాయన అరుగు మీద ఉన్నాడు. ఫలానావారి కొడుకుని, కర్నూల్లో చదువుకుంటున్నానని చెప్పాను. మీ ఇంటిపేరు, గోత్రం, ఇంట్లో ఎంతమంది, పెళ్ళి కావలసినవాళ్ళు ఎవరున్నారు, చేను ఎంత, గొర్రెలు ఎన్ని అని అడిగాను. ఆయన ముఖం ఒక్కసారి విప్పారింది. లోపలికి చూసి ఏదో సైగ చేశాడు. కుర్చీ వచ్చింది. అప్పట్లో పల్లెల్లో కుర్చీ అంటే సామాన్యం కాదు. దానికి ఒక చెయ్యి లేదు, కూర్చునే చోట ఒక మేకు తల పైకి లేచి ఉంది. నేను కూర్చోగానే ఆ మేకు నా ప్యాంటును పలకరించింది.

తర్వాత పాయసం వచ్చింది. లోపల గాజుల చప్పుడు వినపడింది. గొర్రెల్ని చూడమని దొడ్డి దగ్గరికి తీసుకెళ్ళారు. మంద ముందు ఒంటికొమ్ము పొట్టేలు ఒకటి నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. గొర్రెలు ఎన్ని చెప్తే అన్నీ రాసుకున్నాను.

రెండో ఇంటికి నేను తలుపు తట్టేలోపలే పాయసం గిన్నె ఎదురొచ్చింది. కుర్చీ వేశారు. ఈ ఊరివాళ్ళు కుర్చీలన్నీ ఒకే వడ్రంగి దగ్గర చేయించుకున్నట్టున్నారు, దీనికీ ఒక చెయ్యి లేదు అనుకున్నాను. కూర్చున్నాను. మేకు అక్కడే ఉంది. దొడ్లోకి తీసుకెళ్ళారు. అక్కడ కూడా ఒక ఒంటికొమ్ము పొట్టేలు ఉంది. ఈ పల్లెలో పొట్టేళ్ళకు ఒక కొమ్ము విరగ్గొట్టే ఆచారం ఏదో ఉందని భావించి, "ఆచారాలు" అన్న శీర్షిక కింద దాన్ని రాసుకున్నాను. మేష్టారు దీనికి ఎంత సంతోషిస్తాడో అని మురిసిపోయాను.

తర్వాతి ఇళ్ళలో కూడా అదే వరస. చివరి ఇంట్లో నేను వాకిట్లో నీళ్ళు తాగుతుంటే పెరటివైపు నుంచి కుర్చీ కాళ్ళు గోడ మీదుగా లోపలికి దిగడం కనపడింది. కనపడినా అర్థం కాలేదు. చదువుకున్నవాడి తెలివి అట్లా ఉంటుంది. ఆ ఇంటి పొట్టేలు పాపం రొప్పుతోంది. మంద మొత్తం రొప్పుతోంది. నేను దాని కొమ్ము వంక వంగి చూస్తుంటే, దొడ్డి గోడ దగ్గర కూర్చున్న ఒక ముసలవ్వ ఇక ఉండబట్టలేకపోయింది.

"పిల్లని చూసేదానికి వచ్చినోడివి, ఆ పొట్టేల్నే ఎన్నిసార్లు చూస్తావు నాయనా? దాన్నేమన్నా చేసుకుంటావా?"

పెరట్లో ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను లేచి దణ్ణం పెట్టి వీధిలోకి వచ్చాక మరో సంగతి తెలిసింది, నా ప్యాంటు వెనక సగం నాతో రాలేదని. ఇది ఎక్కువ చెప్పాను. జానెడు చిరిగింది. కానీ జానెడు ఎక్కడ అన్నది ముఖ్యం.

ఆ పల్లెలో ఒక దర్జీ ఉండేవాడు, సాయెబు. తమలపాకు నములుతూ మిషను ముందు కూర్చుని ఉన్నాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని వస్తుంటే చూసి, ఏమీ అడక్కుండా ఒక లుంగీ నా మీదికి విసిరాడు.

"ప్యాంటు ఇట్ల తే బేటా. నా మేకే గదా చింపినాది."

"నీ మేకెట్ల అయితది మామా?"

"కుర్చీ నాది అయితే మేకు ఎవురిది?"

ప్యాంటు కుడుతూ మొత్తం సంగతి చెప్పాడు. ఆ ఊళ్ళో ఏ పిల్లకు సంబంధం వచ్చినా ముందు ఆయన కుర్చీ కదలాలి. దాని వెంట ఒక ఇంటి నుంచి గంగాళం, మరో ఇంటి నుంచి నవ్వారు మంచం, పక్క దొడ్డి నుంచి నాలుగు గొర్రెలు, అన్నిటికీ ముందు ఆ ఒంటికొమ్ము పొట్టేలు. ఇవాళ నీది, రేపు నాది. ఇచ్చినవాళ్ళు అడగరు, తెచ్చుకున్నవాళ్ళు చెప్పరు. మామూలుగా పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఒక ఇంటికే వస్తారు గనక ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇంటింటికీ తిరిగే పెళ్ళికొడుకుని వాళ్ళు చూడడం అదే మొదలు. కుర్చీ మోసినవాళ్ళకు భుజాలు పోయాయి.

"ఎవురో కర్నూలు పిలగోడు, మన ఊరి పిల్లలందర్నీ చూసి ఒకర్ని ఏరుకుంటాడంట అని ఊరంతా అనుకుంటాండారు," అన్నాడు దారం కొరుకుతూ. "ఎవుర్ని ఏరుకున్నావు?"

ఎవర్నీ చూడనే లేదన్నాను. చదువు కోసం వచ్చానన్నాను. ఆయన నమ్మలేదు. ప్యాంటు మాత్రం బాగా కుట్టాడు, ఇప్పటి దర్జీలు అట్లా కుట్టలేరు.

ఆ పల్లెలో ఆడపిల్లలందరూ నా కోసం కిటికీల్లో నిలబడ్డారని మా ఆవిడతో చాలా ఏళ్ళు చెప్పాను. ఆ ఇళ్ళకు కిటికీలు లేవు. నేను చూసింది నీళ్ళ చెంబు అందించిన చేతులే, అందులో ఒకటి పెద్దాయనది.

ఇంటికొచ్చి నాలుగు రోజులు నోరు మెదపలేదు. ఐదోనాడు ఆ పల్లె నుంచి కబురు వచ్చింది. అబ్బాయి వచ్చి అందరి ఇళ్ళూ చూసిపోయాడు, సంతోషం, ఇప్పుడు మేం వచ్చి మీ ఇల్లు చూస్తాం, ఏ ఇంటి పిల్లో అప్పుడే తేల్చుకుందాం అని. నాయన నన్ను పిలిచాడు. ఉన్నదంతా చెప్పాను, అదంతా కాలేజీ పనేనని.

"గోత్రం అడిగినావు. గొర్రెలెన్నో అడిగినావు. పెండ్లి కావాల్సిన పిల్లలు ఎందరని అడిగినావు. పాయసం తాగినావు. ఇప్పుడు సంబంధానికి కాదంటే ఎవురు నమ్ముతారురా? నిన్ను కన్న నాయన్ని, నేనే నమ్మను."

అక్కడితో ఆగలేదు. అన్ని ఇళ్ళు చూసి ఏ ఇల్లూ వద్దంటే ఊరుకు ఊరే అవమానపడుతుంది, అందుకని ఏదో ఒక సంబంధం ఖాయం చేయాల్సిందే అన్నాడు. పెళ్ళయ్యాక ఇక కర్నూలు ఏమిటి, ఎట్లాగూ మందకు మనిషి కావాలి. మా అమ్మ అయితే అప్పుడే నా కర్ర కోసం అటక మీద వెతుకుతున్నట్టు నాకు వినపడింది. ఆమె పప్పు డబ్బా వెతుక్కుంటోంది. కానీ నాకట్లా వినపడిందంటే నా స్థితి చూడండి.

వాళ్ళు వచ్చే రోజుకు నాయన ఇంటికి సున్నం కొట్టించాడు. మా అమ్మ పుట్టింటి నుంచి గంగాళం వచ్చింది. చిన్నాన్న గొర్రెలు మా దొడ్లోకి వచ్చి చేరాయి. వాటితోపాటు ఆ ఒంటికొమ్ము పొట్టేలు కూడా వాగు దాటి వచ్చి, నన్ను గుర్తుపట్టి తల ఊపింది. లేదు, పొట్టేలు రాలేదు. అది చెబుతుంటే బాగుంటుందని కలుపుతుంటాను. కానీ కుర్చీ వచ్చింది. ఇది మాత్రం ఒట్టు.

మా ఊళ్ళో కుర్చీ లేదు. వచ్చేవాళ్ళలో పెద్దమనిషిని కింద కూర్చోబెడితే బాగుండదని నాయన ఎక్కడెక్కడో వాకబు చేశాడు. ఆ ముందురోజు సాయంత్రం చిన్నాన్న నెత్తిన కుర్చీ పెట్టుకుని వచ్చి, వాగు అవతలి సాయెబు ఇచ్చాడు, భలే మంచోడు, ఎందుకని కూడా అడగలేదు అన్నాడు. చూశాను. ఒక చెయ్యి లేదు. వేలితో తడిమాను. మేకు ఉంది. చెప్పాలనుకున్నాను. కానీ నాయన దాన్ని తడిగుడ్డతో తుడుస్తూ, దూరంగా జరిగి చూస్తూ, ఎంత సంతోషంగా ఉన్నాడంటే నాకు నోరు రాలేదు.

వాళ్ళు వచ్చారు. నేను మొదట వెళ్ళిన ఇంటి పెద్దాయనే ముందు నడుస్తున్నాడు. గంగాళం చూశాడు, దొడ్డి చూశాడు, బాగుందన్నట్టు తలాడించాడు. నాయన "కూచో బావా" అని కుర్చీ చూపించాడు. పెద్దాయన పంచె సర్దుకుని దర్జాగా కూర్చున్నాడు. కూర్చుని, ఎడమ మోచెయ్యి ఆనించబోయాడు. అక్కడ చెయ్యి లేదు. మనిషి పక్కకు ఒరిగాడు, సర్దుకున్నాడు. తర్వాత లేవబోయాడు, పంచె రాలేదు.

పెద్దాయన చెయ్యి వెనక్కి పోనిచ్చి మేకును తడిమి చూశాడు. బాగా తెలిసిన మనిషిని చీకట్లో తడిమినట్టు తడిమాడు.

"కుర్చీ బాగుంది బావా. ఆ మేకు ఒకటి కొట్టిచ్చుకోరాదా?"

నాయన తడుముకోకుండా అన్నాడు. "కొట్టిద్దామనే ఉండాది బావా. తీరిక దొరకలా."

"మాకూ తీరిక దొరకలా," అన్నాడు పెద్దాయన. "శానా ఏండ్లయింది."

మొదట ఆయన వెంట వచ్చినవాళ్ళలో ఒకతను తుమ్మినట్టు నవ్వాడు. తర్వాత చిన్నాన్న. ఆ తర్వాత నాయన గోడకు ఆనుకుని కూలబడి, కళ్ళవెంట నీళ్ళు పెట్టుకుని నవ్వాడు. పెద్దాయన మాత్రం లేవలేడు గనక కూర్చునే నవ్వాడు. మా అమ్మ వెళ్ళి ఆయన పంచెను మేకు నుంచి విడిపించింది.

నవ్వులు తగ్గాక పెద్దాయన నన్ను పిలిచి, నిజం చెప్పు అబ్బోడా, మా ఇండ్లకు ఎందుకు వచ్చినావు అని అడిగాడు. కాలేజీ పని అని చెప్పాను. ఇళ్ళలో చూసిందంతా రాసి కర్నూల్లో మా మేష్టారికి ఇవ్వాలని చెప్పాను.

పెద్దాయన ముఖంలో నవ్వు పోయింది. "అంతా అంటే? గొర్రెలు కూడా రాసినావా?"

"మీరు చెప్పినన్నీ రాసినా."

ఆయన తన వెంట వచ్చినవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు ఆయన వైపు చూశారు. ఒకే మందను ప్రతి ఇంటి పేరునా రాశానంటే, కాగితం మీద ఆ పల్లెలో గొర్రెలు నల్లమలలో చెట్లకన్నా ఎక్కువై ఉంటాయి. అడవిలో మేపినందుకు తలకింత అని పుల్లరి కట్టాల్సిన రోజులవి. కాగితం కర్నూలు పోయిందంటే ఎవరి బల్ల మీదికి పోతుందో ఎవరికి తెలుసు?

"సంబంధం సంగతి వదిలిపెట్టు బావా," అన్నాడు పెద్దాయన నాయనతో. "ముందు వీణ్ణి కర్నూలు పంపు. వీడు పోయి ఆ లెక్క సరిజేసి, అది సరైందో లేదో ఆడనే ఉండి చూసుకోవాల. ఎన్నేండ్లు పడితే అన్నేండ్లు ఉండనీ."

"మందకు మనిషి లేడు బావా," అన్నాడు నాయన, ఆఖరి ప్రయత్నంగా.

"మా పిలగోళ్ళు చూసుకుంటారు. మీ గొర్రెలు, మా గొర్రెలు కలిసి మేస్తాయి. ఇందాక చూస్తిని గదా మీ దొడ్డి. నాలుగు గొర్రెలు నీవి కావులే."

అట్లా నేను చదువుకోవడానికి వెళ్ళింది నాయన షరతు మీద, అక్కడ నిలిచింది పుల్లరి భయం మీద. నా ప్రతిభకు అందులో పెద్ద పాత్ర లేదు.

మర్నాడు కుర్చీ తిరిగి ఇవ్వడానికి నేనూ నాయనా బయల్దేరాం. వాగు ఒడ్డున ఇసుకలో నాయన కుర్చీని దించాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. తువ్వాలు మడిచి మేకు మీద వేసి, నెమ్మదిగా కూర్చున్నాడు. ఇంట్లో రెండు రోజులు ఉన్నా ఒక్కసారి కూడా దాంట్లో కూర్చోలేదు, పెద్దమనిషి కోసం తెచ్చిందని. కుడి చెయ్యి కుర్చీ చేతి మీద పెట్టి, ఎడమ చెయ్యి ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏందిరా నీ చదువు పేరు?"

"సోషియాలజీ నాయనా."

"దాంట్లో ఇది కూడా ఉంటుందా? కుర్చీ సంగతి?"

ఉంటుందన్నాను. అప్పటికి మా పాఠాల్లో లేదు.

"అట్లయితే చదువుకో," అన్నాడు. కాసేపు అట్లాగే కూర్చుని వాగు చూశాడు. మోకాళ్ళు నొప్పని లేవడానికి చెయ్యి అందించమన్నాడు. కుర్చీకి చెయ్యి లేనివైపు నేను నిలబడ్డాను.

కర్నూలు వెళ్ళి మేష్టారికి ఉన్నదున్నట్టు చెప్పాను. రాసినదంతా అబద్ధమని, మంద ఒకటేనని, పొట్టేలు ఒకటేనని, కుర్చీ ఎవరిదో ఎవరికి వెళ్తుందో కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఇది మళ్ళీ మొదట్నించీ చెప్పండి" అన్నాడు. తర్వాత నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, మధ్యలో కుర్చీ అని రాసి, ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో గీతలు గీయమన్నాడు. నేను గీస్తూ పోయాను. చివరికి అది వల లాగా తయారైంది. మేష్టారు చాలాసేపు దాన్ని తుడపనివ్వలేదు. గొర్రెల లెక్క మాత్రం తుడిపించాడు, మా పెద్దాయన కోరినట్టే.

ఆ ఏడు సోషియాలజీలో నేను యూనివర్సిటీకే మొదటివాణ్ణి. మా కాలేజీకి మొదటివాణ్ణి. సరే, సబ్జెక్టు తప్పలేదు. పరీక్షలో, ఒకరికొకరు సాయం చేసుకునే పద్ధతి గురించి ఉదాహరణతో రాయమని ప్రశ్న వచ్చింది. కుర్చీ సంగతి, మేకు సంగతి, గంగాళం, మంద అంతా రాశాను. ఒంటికొమ్ము పొట్టేలు వాగు దాటి మా ఇంటికి రాలేదని పైన మీ దగ్గర ఒప్పుకున్నాను. పరీక్షలో మాత్రం వచ్చిందనే రాశాను. దానికి మార్కులు కూడా వేశారు.